ఉత్తుత్తి వానలో అత్తగారు

అత్తగారిని కంప్యూటర్లో పెట్టినందుకు జీతం తీసుకున్న కోడలు ఈ లోకంలో బహుశా నేనొక్కదాన్నే.

నా ఉద్యోగమేమిటో చెబితే సగం మంది తెల్లమొహం వేస్తారు. మిగతా సగం మంది రేపు బట్టలు ఆరేసుకోవచ్చా అని అడుగుతారు. రేపటి వాన సంగతి నాకేం తెలుసు? నేను చేసేది వేరే పని. ఒక ఆస్పత్రిని తీసుకుని దాని గదులు, కరెంటు తీగలు, నీళ్ల ట్యాంకు, మందుల ఫ్రిజ్, ఆక్సిజన్ సిలిండర్లు, అక్కడికి వెళ్లే రోడ్డు, అందులో పనిచేసే మనుషులు, అన్నింటినీ కంప్యూటర్లోకి ఎక్కిస్తాను. దాన్నే మోడల్ అంటాం. తర్వాత ఆ మోడల్ మీద తుఫాను కురిపిస్తాను. కరెంటు తీసేస్తాను, రోడ్డు ముంచేస్తాను. ఏది ముందు చేతులెత్తేస్తుందో, లోపలున్న రోగుల్ని ఆస్పత్రి ఎంతసేపు కాపాడుకోగలదో చూస్తాను. మా అత్తగారు దీనికి ఉత్తుత్తి వాన అని పేరు పెట్టారు. "మా కోడలు ఏసీ గదిలో కూర్చుని వానలు కురిపిస్తుంది, గొడుగు ఖర్చు కూడా లేదు" అని పక్కింటావిడతో చెబుతుంటే నా చెవులతో విన్నాను.

ఆవిడ ఒక చిన్న ఆస్పత్రిలో హెడ్ నర్సు. అక్కడందరూ పెద్ద సిస్టర్ అంటారు. ఎదురుగా అనేది అంతే, వెనకాల ఇంకేమంటారో నాకు తెలుసు గానీ ఇంటి కోడల్ని కాబట్టి చెప్పను. నడుముకి తాళాల గుత్తి వేలాడుతూ ఉంటుంది. ఆ గలగల వినబడితే వరండాలో కబుర్లు ఆగిపోతాయి, రోగులు కూడా మంచం మీద సర్దుకుని పడుకుంటారు. ఆ ఆస్పత్రిలో కాన్పుల వార్డంటే ఆవిడకి ప్రాణం. ఉద్యోగంలో చేరింది ఆ వార్డులోనే. మా ఆయన పుట్టింది కూడా అక్కడే, కిటికీ పక్క మంచం మీద. ఇప్పటికీ అటు వెళ్లినప్పుడల్లా ఆవిడ ఆ మంచం కడ్డీని ఒకసారి తట్టి వెళ్తారు.

ఆ ఏడాది పైనుంచి ఒక ఉత్తర్వు వచ్చింది. తుఫానులో బయటి సాయం లేకుండా మూడు రోజులు నిలబడలేని ఆస్పత్రుల్లో ఇక మంచాలుండవు. పగలు రోగుల్ని చూసి ఇళ్లకి పంపెయ్యడమే. కాన్పులన్నీ ఏటికి అవతలున్న పెద్దాస్పత్రికి వెళ్లాలి. ఏ ఆస్పత్రి నిలబడుతుందో, ఏది నిలబడదో తేల్చాల్సింది మా ఆఫీసు. మా అత్తగారి ఆస్పత్రి నా వంతుకొచ్చింది.

మా బంధుత్వం సంగతి మా అధికారికి ముందే చెప్పేశాను. "లెక్కలు ఇంకొకరితో సరిచూయిద్దాం, వెళ్లేది మాత్రం నువ్వే" అన్నాడు. అత్తగారి లోపాలు వెతకడానికి కోడల్ని మించినవాళ్లు దొరకరని ఆయన నమ్మకం.

టాబ్లెట్, కొలత టేపు పట్టుకుని నేను వెళ్లేసరికి ఆస్పత్రి తళతళలాడుతోంది. గోడలు కడిగారు. వరండాలో ఒక్క వస్తువు లేదు. గుమ్మంలో మా అత్తగారు ఇస్త్రీ మడత నలగని యూనిఫాంలో నిలబడి ఉన్నారు.

"మేడమ్ గారూ, ఇటు దయచెయ్యండి."

పొద్దున్నే నా టిఫిన్ డబ్బా సర్దిచ్చిన మనిషి!

"అత్తయ్యా, ఊరుకోండి" అన్నాను గుసగుసగా.

"ఇక్కడ అత్తయ్య లేదు. హెడ్ నర్సుంది. ఏం చూస్తారు ముందు?"

అన్నీ చూశాను. జనరేటరు వెనక పల్లంలో ఉన్న షెడ్డులో ఉంది. ఎలక్ట్రీషియన్ని అడిగాను. అతన్ని అందరూ వోల్టేజీ అంటారు, అసలు పేరు అతనికైనా గుర్తుందో లేదో. "ఇక్కడికి నీళ్లొస్తే ఏం చేస్తారు?"

"నీళ్లొస్తేనండీ..." అని హుషారుగా మొదలుపెట్టి, పెద్ద సిస్టర్ వైపు చూసి నోరు మూసుకున్నాడు. చివరికి "ఆగిపోతుందండీ" అన్నాడు.

ట్యాంకు మోటారు కరెంటుతో నడిచేదే. స్టోరు గది అద్దంలా ఉంది, అద్దంలాగే ఖాళీగా ఉంది. "ఇంత ఖాళీ ఏమిటి?" అంటే, "శుభ్రంగా ఉంటాం మేడమ్ గారూ" అని జవాబు. ఉన్నది ఉన్నట్టు ఎక్కించుకుని వచ్చేశాను.

మోడల్ మీద వాన కురిపించాను. ఆస్పత్రి మొదటి సాయంత్రానికే కూలబడింది. జనరేటరు మునిగింది, మోటారు ఆగింది, నీళ్లు అయిపోయాయి, మందుల ఫ్రిజ్ వెచ్చబడింది. ఒకదాని వెనక ఒకటి. వానని కాస్త తగ్గించి చూశాను. కూలబడింది. గాలి తగ్గించాను. అయినా కూలబడింది. ఇంటికెళ్లి ఆవిడ మొహం ఎలా చూడాలో తెలియలేదు.

భోజనాల దగ్గర చెప్పేశాను. దాచిపెట్టడం నాకు చేతకాదు.

"పడిపోయిందా? ఏ గోడ?" అన్నారు అత్తయ్య.

"గోడలు కాదత్తయ్యా. కరెంటు, నీళ్లు. మొదటి సాయంత్రానికే."

"అప్పుడెప్పుడో వచ్చిన ఆ పెద్ద వానకి పడనిది నీ ఉత్తుత్తి వానకి పడిందా? నాలుగు రోజులు నడుంలోతు నీళ్లు. ఆ నాలుగు రోజులూ కాన్పులు చేశాం. తల్లులందరూ బిడ్డల్ని ఎత్తుకుని నవ్వుకుంటూ ఇళ్లకెళ్లారు. నీ కంప్యూటర్ని కాస్త ఎండలో పెట్టు, తడిసిందేమో."

నాకు ఒళ్లు మండింది గానీ మాటలో న్యాయముంది. రాబోయే తుఫాను కురిపించే ముందు, ఎప్పుడో నిజంగా వచ్చిన తుఫానుని మోడల్ మీద మళ్లీ కురిపించి చూడటం మా పనిలో పద్ధతే. అప్పుడు నిజంగా ఏం జరిగిందో మోడల్లోనూ అదే జరగాలి. మర్నాడు ఆ పని చేశాను. ఆ పెద్ద వానకి కూడా నా మోడల్లో ఆస్పత్రి మొదటి సాయంత్రమే పడిపోయింది. నిజం ఆస్పత్రేమో నాలుగు రోజులు నిలబడింది. అంటే నా మోడల్లో ఏదో లేదు.

"ఆ వానకి నీళ్లెక్కడివి అత్తయ్యా?"

"ఏదో చేశాం."

"దీపాలు?"

"ఏదో చేశాంలే. కూర చల్లారిపోతోంది, తిను."

మా ఆయన కంచంలో తల పెట్టి, తన జన్మలో ఎన్నడూ తిననంత శ్రద్ధగా తింటున్నాడు. నేనప్పుడే అనుమానించాల్సింది.

కోపమొస్తే ఏదో ఒక వస్తువు బాగుచెయ్యడం నా అలవాటు. మా ఇంట్లో కుళాయిలన్నీ కారకుండా ఉండటానికి కారణం అదే. ఆ ఆదివారం బాగుచెయ్యడానికి ఇంకేమీ మిగల్లేదు. కారు షెడ్డు షట్టరు ఇరుక్కుపోయిందని మా ఆయన వారం నించీ కారుని రోడ్డు మీదే పెడుతున్నాడు. నూనె డబ్బా, సుత్తి తీసుకుని వెళ్లాను. రెండు చేతులతో బలంకొద్దీ లాగాను. వెన్నలా జారి పైకెళ్లింది. నేను వెనక్కి పడబోయి ఆగాను.

లోపల ఒక ఆస్పత్రి ఉంది. మూతలు బిగించిన నీలం డ్రమ్ములు, కుళాయిలతో సహా. చేతి పంపు. కప్పీ, దానికి చుట్టిన లావుపాటి తాడు. చక్రాలు బిగించిన పాత తలుపు రెక్క, దాని మీద పరుపు. మందులు పెట్టే ఐసు పెట్టెలు. బ్యాటరీ దీపాలు. ఇసుక బస్తాలు. ఎత్తయిన బల్ల మీద చిన్న జనరేటరు. నేను నోరు తెరుచుకుని నిలబడి ఉండగా వెనక మా ఆయన వచ్చాడు.

"ఇదేమిటి?"

"సామాను."

"ఎవరి సామాను?"

"నన్నడక్కు. అమ్మ ఒట్టేయించుకుంది. చెబితే ఆవిడ మాట్లాడదు, చెప్పకపోతే నువ్వు మాట్లాడవు. నేను ఏ షెడ్డులో తలదాచుకోవాలి చెప్పు."

సుత్తి చేత్తోనే ఇంట్లోకి వెళ్లాను. అత్తయ్య ఉల్లిపాయలు తరుగుతున్నారు. సుత్తిని చూసి కత్తిపీట కొంచెం పక్కకి జరిపారు.

"షెడ్డు చూశాను."

ఆవిడ ఏమాత్రం తడబడలేదు. "తనిఖీకి వస్తున్నారంటే సర్దుకోరా ఏమిటి? నా సర్వీసులో ప్రతి తనిఖీకీ ఇలాగే సర్దించాను. డ్రమ్ములు కనబడితే దోమలంటారు. ఇసుక బస్తాలు కనబడితే మురికంటారు. ఆ తలుపు రెక్క చూస్తే ఏమంటారో తెలుసా? ఇంతకుముందు వోల్టేజీ వాళ్లింట్లో దాచేవాళ్లం, ఈసారి వాళ్లింట్లో చోటు లేదు. అయినా నా కోడలు వస్తోంది కదా, నలుగురిలో నా పరువేం కావాలి?"

"అత్తయ్యా! నేను చూడ్డానికొచ్చింది దాన్నే. ఆ చెత్తా చెదారాన్నే!"

ఆవిడ కత్తిపీట మీదనుంచి చెయ్యి తీశారు. నా మొహంలోకి చూశారు. ఉల్లిపాయలవల్లో మరెందువల్లో కళ్లలో నీళ్లు నిండాయి.

"మరి ఆ ముక్క ముందే చెప్పొచ్చు కదే!"

ముందు నేను నవ్వానో ఆవిడ నవ్వారో గుర్తులేదు. మా ఆయన గుమ్మంలో నిలబడి, ఎవరు గెలిచారో ఎవరు ఓడారో తెలియక బిక్కమొహం వేసుకుని చూస్తున్నాడు. నేను గోడకి ఆనుకుని నవ్వుతూనే కింద కూర్చుండిపోయాను.

సోమవారం సామానంతా వ్యానులో వెనక్కి వెళ్లింది. మళ్లీ కొలిచాను. ఈసారి వోల్టేజీని ఆపడం ఎవరి తరమూ కాలేదు. కప్పీతో డ్రమ్ము మేడ మీదికి లాగి చూపించాడు, తలుపు రెక్క మీద నన్ను పడుకోబెట్టి వార్డంతా తిప్పాడు. మోడల్లో అవన్నీ ఎక్కించి ఆ పెద్ద వానని మళ్లీ కురిపించాను. అచ్చం అప్పట్లాగే నాలుగు రోజులు నిలబడింది. రాబోయే తుఫానుని కురిపించాను. మూడు రోజులు నిక్షేపంగా గడిచాయి. ఆఫీసులో లేచి నిలబడి చప్పట్లు కొట్టుకున్నాను.

అక్కడితో ఆగి ఉంటే ఎంత బాగుండేది! కానీ మోడల్ పని అంతటితో అయిపోదు. ఒక్కొక్కసారి ఒక్కొక్కటి తీసేసి చూడాలి. ట్యాంకు తీసేశాను. నిలబడింది. రోడ్డు తీసేశాను. నిలబడింది. డాక్టరుగారిని ఏటికి అవతల ఉంచేశాను. తూలింది గానీ నిలబడింది. హెడ్ నర్సుని తీసేశాను.

కూలబడింది.

ఎన్నిసార్లు చూసినా అంతే. తాళాలన్నీ ఆవిడ నడుముకే ఉన్నాయి. ఏ డ్రమ్ము ముందు తియ్యాలి, చిన్న జనరేటరుకి ఏ తీగలు కలపాలి, ఎవరిని ముందు పైకి చేర్చాలి, అన్నీ ఆవిడ తలలోనే ఉన్నాయి. ఆవిడ ఉండే ఇల్లు, అంటే మా ఇల్లు, కల్వర్టుకి ఇవతల ఉంది. కాస్త గట్టి వానకే ఆ కల్వర్టు మునుగుతుంది. ఆ పెద్ద వాన వచ్చినప్పుడు ఆవిడ డ్యూటీలో ఉండటం అదృష్టం, అంతే.

ఆ సాయంత్రం చెప్పాను. "అత్తయ్యా, మీరు లేకపోతే ఆస్పత్రి పడిపోతుంది."

ఆవిడ మొహం విచ్చుకుంది. "ఇది కనిపెట్టడానికి కంప్యూటరెందుకు? ఆ వీధిలో ఎవరినడిగినా చెబుతారు." అక్కడితో ఆగలేదు. గోడ దగ్గరికెళ్లి పక్కింటావిడని పిలిచి మరీ చెప్పారు. "విన్నారా వదినగారూ, నేను లేకపోతే ఆస్పత్రే లేదట. లెక్కల్లో తేలింది."

"అమ్మా, అది పొగడ్త కాదేమో" అన్నాడు మా ఆయన మెల్లగా.

ఆవిడ వెనక్కి తిరిగి నన్ను చూశారు. నేను తల దించుకున్నాను. ఆ మనిషికి చెప్పక్కర్లేదు, క్షణంలో అర్థమైపోయింది.

"అంటే వార్డు ఉండాలంటే నేను అక్కర్లేకుండా పోవాలి."

"మీరు లేకపోయినా నిలబడాలంతే, అత్తయ్యా."

"రెండూ ఒకటేలే" అని లోపలికి వెళ్లిపోయారు. ఆ పూట గలగల వినబడలేదు. గుత్తి విప్పి బల్ల మీద పెట్టేశారు. నాకు అన్నం సహించలేదు. ఈ ఇంటికొచ్చిన కొత్తలో జ్వరమొస్తే నా తల ఒళ్లో పెట్టుకుని కూర్చున్న మనిషి. ఆవిడతో నేను చెప్పిన మాట ఇదీ.

పొద్దున్న లేచేసరికి ఆవిడ తయారై ఉన్నారు. "దారిలో తాళాలు చేసేవాడి దగ్గర ఆగాలి, నన్ను దింపు" అన్నారు. అంతే, ఇంకో మాట లేదు.

నర్సుల గదిలో ఒక చెక్క బిగించి మారు తాళాలన్నీ వేలాడదీశారు. కొత్తగా చేరిన చిన్న సిస్టర్ని పట్టుకున్నారు. పెద్ద సిస్టర్ ఎదురొస్తే గోడకి అతుక్కుపోయే పిల్ల అది. ఆ పిల్లకి డ్రమ్ములు, తీగలు, కప్పీ, అన్నీ చేత్తో చేయించి నేర్పారు. తర్వాత పరీక్ష పెట్టాం. ఒక పగలు వానొచ్చినట్టు అనుకుని కరెంటు తీసేసి, పెద్ద సిస్టర్ లేకుండా అంతా నడపాలి. ఆవిడ మాత్రం ఎదురుగా బస్టాపులో కూర్చోవాలి. కళ్లజోడు మర్చిపోయానని ఒకసారి లోపలికొచ్చారు. కళ్లజోడు కళ్లకే ఉంది. మంచినీళ్ల కోసమని ఇంకోసారి వచ్చారు. ఇలా కాదని మా ఆయన్ని కాపలా కూర్చోబెట్టాను.

లోపల ముందు అంతా గందరగోళమే. వోల్టేజీ ఒక తీగ పట్టుకుంటే ఆయా ఇంకోటి పట్టుకుంది. ఉన్నట్టుండి చిన్న సిస్టర్ అరిచింది. "ఎక్కడివాళ్లక్కడ ఆగండి! వోల్టేజీ, ముందు దీపాలు. ఆయమ్మా, కిటికీ పక్క మంచం పైకి. ఊఁ, కదలండి!"

వోల్టేజీ చేతిలో తీగ జారిపోయింది. ఆ అరుపు రోడ్డు దాటి బస్టాపు దాకా వినబడిందట. "నా గొంతే" అన్నారట అత్తయ్య. ఆ మాట చెప్పింది మా ఆయన. నవ్వుతూ అన్నారా అని అడిగితే, నవ్వుతూనే అన్నారు గానీ కొంగు కళ్లకి పెట్టుకున్నారన్నాడు.

మోడల్లో హెడ్ నర్సుని తీసేసి మళ్లీ కురిపించాను. నిలబడింది. మా అధికారి లెక్కలన్నీ చూసి, "కంప్యూటర్లో నిలబడింది సరే. ఈ వానాకాలం గడవనీ, అప్పుడు ఉత్తర్వు రాద్దాం" అన్నాడు. వార్డు ప్రాణం అలా వేలాడుతూ ఉండిపోయింది.

వాన ఆవిడ సెలవు రోజునే వచ్చింది. పొద్దున్నే మొదలై ఆగలేదు. ఆవిడ చెప్పులేసుకునేలోపే కల్వర్టు మునిగిందని కబురొచ్చింది. వార్డులో నెలలు నిండినావిడ ఒకరు నొప్పులతో ఉన్నారని ముందురోజే తెలుసు.

"ఫోన్ చేస్తాను" అన్నారు.

"వద్దత్తయ్యా. అవసరమైతే వాళ్లే చేస్తారు. వాళ్ల చేతులు ఖాళీగా ఉండనివ్వండి."

ఫోన్ ఒళ్లో పెట్టుకుని కిటికీ దగ్గర కూర్చున్నారు. అది మోగలేదు. మధ్యాహ్నమైంది, మోగలేదు. మా ఆయన కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. ఇది ఉత్తుత్తి వాన కాదు. తప్పయితే మళ్లీ మొదటినుంచి కురిపించడానికి లేదు. నా లెక్క ఎక్కడైనా తప్పి ఉంటే ఆ తల్లికేమవుతుందోనన్న భయంతో నా చేతులు చల్లబడిపోయాయి. అత్తయ్య నా చెయ్యి తన చేతిలోకి తీసుకున్నారు. ఆవిడ చెయ్యీ చల్లగానే ఉంది.

సాయంత్రం కాబోతుండగా ఫోన్ మోగింది. ఆవిడ రెండో రింగు రానివ్వలేదు.

"అమ్మా, ఆడపిల్ల. తల్లీబిడ్డా బాగున్నారు" అంది చిన్న సిస్టర్. గొంతు ఖంగున మోగుతోంది, మా ఇద్దరికీ వినబడింది. "పెద్ద జనరేటరు మునిగింది, చిన్నది నడుస్తోంది. మంచాలన్నీ పైకెక్కించాం. నీళ్లకి లోటు లేదు. మీరేం కంగారుపడకండి."

"మంచిది" అన్నారు అత్తయ్య. మా ఆయన నన్ను పట్టుకుని గిర్రున తిప్పేశాడు. ఆ వాన కథంతా విన్నాక పైవాళ్లు వార్డుని ఉంచేశారు, అది తర్వాతి సంగతి. అప్పుడు మాత్రం నేను ఆవిడనే చూస్తున్నాను. సంతోషంగానే ఉన్నారు. కానీ పెద్ద వానలో తన చెయ్యి పడకుండా ఆ వార్డులో పుట్టిన మొదటి బిడ్డ అది. ఒళ్లో ఖాళీ చెయ్యి అలా తెరిచి పెట్టుకుని కూర్చున్నారు. గెలిచింది నా మోడలే, అయినా దాన్ని తీసుకెళ్లి ఏట్లో పారేద్దామనిపించింది.

"అమ్మా..." చిన్న సిస్టర్ ఇంకా ఫోన్ పెట్టెయ్యలేదు. గొంతు బాగా తగ్గింది. "టీ పొడి ఎక్కడ పెట్టారు? పొద్దుటినించీ ఎవరం టీ తాగలేదు. అన్ని అలమారాలూ తీసి చూశాం. తాళాలన్నీ ఉన్నాయి గానీ టీ పొడి లేదు."

అత్తయ్య ఫోన్‌కి చెయ్యి అడ్డం పెట్టి, నెమ్మదిగా నావైపు తిరిగారు.

"ఇది నీ కంప్యూటర్లో ఉందా?"

"లేదత్తయ్యా."

"ఎక్కిస్తావా?"

"చచ్చినా ఎక్కించను."

ఆవిడ కుర్చీలో నిటారుగా సర్దుకుని కూర్చున్నారు. చీర కుచ్చిళ్లు సవరించుకున్నారు. ఫోన్ మీంచి చెయ్యి తీసి, "చెప్తాను, జాగ్రత్తగా విను" అని మొదలుపెట్టారు. "ముందు స్టోరు గదిలోకి వెళ్లు. దూది డబ్బాల వెనకాల బిస్కెట్ల డబ్బా ఒకటుంటుంది. బిస్కెట్లు అని రాసుంది కదా అని వదిలేసి ఉంటారు మీరు. కంగారేం లేదు, నిదానంగా వెళ్లు. నేనిక్కడే ఉన్నాను."